అక్కర్లేని సగం

మా పాలిటెక్నిక్ కాలేజీ రికార్డు రూములో రెండు వేల యాభై ఒక్క ఫైళ్లు ఉండేవి. వాటిని ఎలుకలు తినలేదు, చెద పట్టలేదు, వానకు తడవలేదు. దాదాపు అన్నీ నేనే తీసేశాను. అందుకు నాకు రెండు ప్రశంసాపత్రాలు కూడా ఇచ్చారు. ఈ సంగతి గొప్పకు చెప్పడం లేదు గానీ, ఆ రోజుల్లో మాత్రం గొప్పకే చెప్పుకున్నాను.

నేను రికార్డు రూము అటెండరును. ఆ ఉద్యోగం మొదట మా ఆయనది. ఆయన పోయాక కారుణ్య నియామకం కింద నాకు ఇచ్చారు. చేరేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. ఫైళ్లను అట్ట రంగును బట్టి, కట్టిన తాడును బట్టి, మీది దుమ్మును బట్టి గుర్తుపట్టేదాన్ని. నలభై ఆరేళ్ల వయసులో వయోజన విద్యాకేంద్రానికి పోయి అఆలు దిద్దాను. చదవడం వచ్చాక నాకొక జబ్బు పట్టుకుంది. కాగితం మీద అచ్చయింది ఏదైనా నిజమేనని నమ్మే జబ్బు. అందరికీ ఇది చిన్నతనంలో గవదబిళ్లల్లాగా వచ్చి పోతుంది. పెద్ద వయసులో వస్తే గట్టిగా వస్తుంది.

ఈ మే నెలలో పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. పై ఆఫీసు వాళ్లు ఏదో కాలేజీని ఒక ఫైలు అడిగితే, అది నలభై ఒకటో రోజున చేరిందట. ఆ ఫైలు అన్నాళ్లూ ఎక్కడుందని ఎవరూ ఆరా తీయలేదు. దానికి బదులు ఇలా రాశారు: 'అన్ని సంస్థలయందును అన్వేషణా సామర్థ్య పక్షోత్సవమును ఘనముగా జరుపవలెను. బోధన, బోధనేతర సిబ్బంది యావన్మందికిని సెర్చ్ అల్గారిథములకు, టైమ్ కాంప్లెక్సిటీకి సంబంధించిన పదజాలము కరతలామలకము కావలెను.' పదాలు వస్తే చాలా, వెతకడం కూడా రావాలా అన్నది అందులో లేదు.

మా ప్రిన్సిపాల్ చంద్రభూషణం సారు ఆ పనిని కంప్యూటర్ లెక్చరర్ ఫర్హానా మేడానికి అప్పగించారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, చిన్న వయసు. పరీక్షల ముందు తన విద్యార్థులకు పాఠం గుర్తుండటానికి ఒక ఆట ఆడిస్తుందని, పిల్లలకు బాగా వచ్చిందని విని, అదే ఆట సిబ్బంది కూడా ఆడాలని సారు ఉత్తర్వు ఇచ్చారు. ఎండలు మండిపోతున్నాయి. కాలేజీకి సెలవులు. పదిహేడు మందిమి సెమినార్ హాల్లో ఫ్యాను కింద చేరాం.

అల్గారిథం అంటే భయపడాల్సిందేమీ లేదని, పని చేసే పద్ధతికి అదొక పేరని ఫర్హానా మేడం చెప్పింది. పదహారు మందిని వరుసగా నిలబెట్టి, చిన్న నంబరు నుంచి పెద్ద నంబరు దాకా చీటీలు ఇచ్చింది. చీటీలను గుండెకు ఆనించి దాచుకోవాలి. పదిహేడోదాన్ని నేను, వెతికే మనిషిని.

"అమ్మా, మీకు డెబ్బై మూడు కావాలె. అందర్నీ అడగొద్దు. నడిమిట్ల ఉన్నోళ్లను ఒక్కర్నే అడగండి" అంది.

నడుమ ఎలక్ట్రికల్ లెక్చరర్ ఉన్నారు. ఆయన చీటీ మీద నలభై ఉంది. డెబ్బై మూడు అంతకంటే పెద్దది. అంటే ఆయన, ఆయనకు ఎడమవైపున్న వాళ్లు ఎవరూ కాదన్నమాట.

"ఈ సగం మనకు అక్కర్లేదు. మీరంతా కూసోండి" అంది మేడం.

ఆ ఎనిమిది మంది సంతోషంగా కూర్చున్నారు, కూర్చున్న వాళ్లకు ముందుగా చాయ్ ఇస్తున్నారు కాబట్టి. మిగిలిన ఎనిమిది మందిలో మళ్లీ నడిమి మనిషిని అడిగాను. నలుగురు మిగిలారు. తర్వాత ఇద్దరు. నాలుగో ప్రశ్నకు డెబ్బై మూడు నా చేతిలో ఉంది. దీని పేరు బైనరీ సెర్చ్ అన్నారు. పదకొండేళ్లుగా నేను మొదటి కట్ట విప్పి, కాదనుకొని, రెండో కట్ట విప్పుతున్నాను.

తర్వాత స్టీలు బకెట్లో పదాల చీటీలు వేసి ఒక్కొక్కరితో తీయించారు. సూపరింటెండెంటు విఠలయ్యకు 'వర్స్ట్ కేస్' వచ్చింది. ఆయన మా ప్రహరీగోడ మీద నడుస్తున్న కోర్టు కేసు గురించి వాయిదాల తేదీలతో సహా పావుగంట చెప్పారు. మెకానికల్ హెడ్డుకు 'టైమ్ కాంప్లెక్సిటీ' వచ్చింది. హాజరు మిషను చూపే టైముకు, గోడ గడియారం టైముకు ఉన్న తేడా అన్నారాయన. నాకు 'లీనియర్ సెర్చ్' వచ్చింది. ముందు నుంచి చివరి దాకా ఒక్కోటి విప్పి చూడటమని మేడం అంతకుముందే చెప్పి ఉంది, పైగా నేను రోజూ చేసేదే. చెప్పాను. పూర్తి మార్కు. రెండో విడతలో 'బిగ్ ఓ' వచ్చింది. పెద్ద ఓ అంటే నా పేరు ఓదెమ్మలో ఉండేది, చిన్న ఒ అంటే ఒంటెలో ఉండేది అన్నాను. మేడం నవ్వు ఆపుకొని, పని ఎంత పెరుగుతుందో చెప్పే గుర్తు అది అని సరిదిద్ది, 'పెద్ద' వరకు సరిపోయిందని అర మార్కు వేసింది.

ఒకటిన్నర మార్కులతో కాలేజీ మొత్తానికి నేనే ఫస్టు. 'అన్వేషణా నిపుణురాలు శ్రీమతి ఓదెమ్మ' అని అచ్చువేసిన పత్రం ఇచ్చారు. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రమే లామినేషను చేయించాను.

ఆ రోజు సమావేశపు మినిట్స్ రాసింది విఠలయ్య సారు. ఆయనకు అక్కర్లేదు, కూర్చోండి లాంటి మాటలు రాయడం అలవాటు లేదు. ఆయన కలం నుంచి వచ్చిన వాక్యం ఇది: 'ప్రతి అన్వేషణయందును అవసరము లేని సగమును తక్షణమే తొలగించవలెను.' ఆఫీసు భాషలో తొలగించడమంటే పక్కన పెట్టడం కాదు. రిజిస్టరులో ఎర్ర గీత కొట్టి, సామాను గేటు దాటించడం. అటెండరునైనా ఆ మాత్రం నాకూ తెలుసు. తెలుసు కాబట్టే తప్పు జరిగింది. తెలియకపోతే ఎవరినైనా అడిగేదాన్ని.

ప్రిన్సిపాల్ సారు మినిట్స్ మీద సంతకం చేసి, రికార్డు రూములో వెంటనే అమలు చేయమన్నారు. ఫైళ్లు లెక్కపెడితే రెండు వేల యాభై ఒకటి వచ్చాయి. అది సగాలకు లొంగే సంఖ్య కాదు. గణిత సౌలభ్యం కోసం మూడింటిని తీసేసి రెండు వేల నలభై ఎనిమిది చేశాం. ఆ మూడింట్లో ఏముందో ఇప్పటికీ తెలియదు.

ఫర్హానా మేడం ప్రిన్సిపాల్ సారు గదికి పరుగెత్తుకొచ్చింది. నేను అక్కడే నీళ్ల గ్లాసుతో నిలబడి ఉన్నాను. సగం వదిలేయడమంటే ఆ పూటకు అటువైపు చూడకపోవడమే, పారేయడం కాదని చెప్పింది. రేపు వెతికేది ఆ సగంలోనే ఉండొచ్చు అంది.

సారు అంతా శాంతంగా విన్నారు. "మేడం, భావన మీది. అమలు మాది" అన్నారు. "మీరు క్లాసురూములో తొలగించారు. మేము క్షేత్రస్థాయిలో తొలగిస్తున్నాం. అయినా మానవీయ కోణంలో ఒక వెసులుబాటు ఇస్తున్నాను. ఒక్కో అన్వేషణకు మొదటి సగం మాత్రమే తొలగుతుంది. మిగతా సగాలు యథాస్థానంలో ఉంటాయి."

మేడం నావైపు చూసింది. పదకొండేళ్లుగా ఆ గదిలో తిరిగే మనిషిని, నేనైనా ఒక మాట అంటానని చూసి ఉంటుంది. నేను మాత్రం, ఈ పిల్లకు తన ఆట తనకే అర్థం కాలేదని మనసులో జాలిపడ్డాను.

మర్నాడే పై ఆఫీసు నుంచి ఫోను. ప్రహరీగోడ ఫైలు కావాలి, నంబరు పదిహేడు వందల ముప్పై ఒకటి. నేను తిన్నగా వెయ్యిన్ని ఇరవై నాలుగు దగ్గరికి పోయాను. నాకు కావలసింది అంతకంటే పెద్దది. ఒకటి నుంచి అక్కడి దాకా అక్కర్లేదు. అలా పదకొండు ప్రశ్నల్లో, తొమ్మిది నిమిషాల్లో ఫైలు సారు బల్ల మీద ఉంది. తర్వాత అక్కర్లేని వెయ్యిన్ని ఇరవై నాలుగు ఫైళ్లను ఎండు మిరపకాయలు పోసిన పాత గోనె సంచుల్లో నింపి వరండాలోకి మోయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు లెక్కలోకి రావని విఠలయ్య సారు తేల్చారు. మోయడం వెతకడం కిందికి రాదట. పాత కాగితాల కొట్టు కనకయ్య ట్రాలీ ఆటో తెచ్చి సంచులన్నీ తీసుకుపోయాడు.

సారు గదిలో గోడకు ఒక చార్టు వెలిసింది. అందులో ఒక గీత. సగం ఫైళ్లు పోగానే పదకొండు ప్రశ్నలు పదికి దిగాయి. మళ్లీ సగం పోగానే తొమ్మిది. పై ఆఫీసు మా సెలవుల ఫైలు అడిగింది, అది అప్పటికే పోయింది. ఎనిమిది ప్రశ్నల్లోనే లేదని తేల్చి చెప్పాం. ఇంత వేగంగా లేదని చెప్పిన సంస్థ మరొకటి లేదని పై ఆఫీసు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. నాకు రెండో ప్రశంసాపత్రం వచ్చింది అప్పుడే. ఒక శనివారం ఎవరూ ఏమీ అడగకపోతే, గీత కిందికి దిగాలని ప్రిన్సిపాల్ సారే ఏదో పాత హోలీ సెలవు ఉత్తర్వు అడిగారు. పక్క జిల్లా కాలేజీ వాళ్లు మా పద్ధతి చూడటానికి వచ్చారు. ఖాళీ బీరువాల మధ్య నిలబడి వాళ్లకు నేనే వివరించాను. చేతిలో ఒక స్కేలు కూడా పట్టుకున్నాను. దేనికో నాకే తెలియదు, లెక్చరర్లు పట్టుకోవడం చూశాను.

పక్షోత్సవం ముగిసేనాటికి ఆరు అన్వేషణలు జరిగాయి. ముప్పై రెండు ఫైళ్లు మిగిలాయి. ఐదు ప్రశ్నలు చాలు.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున నవనీత వచ్చింది. రెండేళ్ల కింద సివిల్ డిప్లొమా పూర్తి చేసిన పిల్ల. ఊళ్లో సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తోంది. సర్కారు సబ్ ఇంజినీరు కొలువుకు ఎంపికైందట. శుక్రవారం హైదరాబాదులో సర్టిఫికెట్లు చూపించాలి. పదో తరగతి మార్కుల మెమో ఒరిజినల్ లేకపోతే కొలువు వెనకున్న వాళ్లకు పోతుంది. ఆ మెమో మా దగ్గర ఉంది. వాళ్ల ఇల్లు వానకు కురుస్తుందని, చదువు అయిపోయాక కూడా తీసుకుపోకుండా సెక్షను ఫైల్లోనే ఉంచుకొమ్మని ఆనాడు సలహా ఇచ్చింది నేనే.

ఫైలు నంబరు ఆరు వందల పన్నెండు. నేను స్కేలు తీసుకొని ముప్పై రెండింటి నడుమకు పోయాను. ఐదు ప్రశ్నలు. నలభై సెకన్లు.

"లేదు బిడ్డా" అన్నాను. ఆ వేగానికి ఆ పిల్ల మెచ్చుకుంటుందేమోనని ఒక్క క్షణం ఆగాను కూడా.

"లేదంటే మరి ఏడున్నది పెద్దమ్మా?" అంది నవనీత.

ఆ ప్రశ్న బకెట్లోని చీటీల్లో లేదు.

ఇద్దరం ప్రిన్సిపాల్ సారు దగ్గరికి పోయాం. సారు చార్టు వైపు చూసి, నవనీత వైపు చూశారు. "అన్వేషణ విజయవంతంగా ముగిసిందమ్మా. ఫలితం మాత్రం ప్రతికూలం. రెండింటినీ కలపకూడదు" అన్నారు. డూప్లికేటు మెమోకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, పోలీసు కాగితం, పత్రికా ప్రకటన ఉంటే మూడు నెలల్లో వస్తుందని చెప్పారు. ఈలోగా కావాలంటే, ఆమె మెమో కోసం నలభై సెకన్ల పాటు శాస్త్రీయంగా వెతికామని ధ్రువపత్రం ఇస్తామన్నారు. విఠలయ్య సారు అప్పటికే దాన్ని టైపు చేయిస్తున్నారు.

నవనీత బయటికొచ్చి వరండా మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికయ్యేది. ఆ ధ్రువపత్రాన్ని మడిచి ఒళ్లో పెట్టుకొని, నా ముఖంలోకి చూసింది.

"నేను నా మెమో సారు చేతిల వెట్టలే పెద్దమ్మా. నీ చేతిల వెట్టిన" అంది.

ఆరు వందల పన్నెండు మొదటి సగంలోనిది. ఆ సంచి నోరు సుతిలి తాడుతో నేనే కుట్టాను. లేచి, బజారు చివరనున్న కనకయ్య కొట్టుకు నడిచాను. పిల్ల నా వెంట వచ్చింది.

కనకయ్య కాగితాల గుట్టల నడుమ కూర్చొని ఉన్నాడు. కాలేజీ సంచులన్నీ ఎప్పుడో విప్పేశాడు. గురువారం పొద్దున కాగితాల మిల్లుకు లోడు పోతుందన్నాడు. ఫైలు నంబర్ల సంగతి అడిగితే నవ్వాడు.

"అక్కా, నాకు నంబర్లు తెల్వయ్, రాత తెల్వది. కాయితం చేత్తో పడితే ఎర్కయితది. మెత్తయి గీడ, గట్టియి గాడ, అట్టలు బయట. గంతే."

గట్టివాటి గుట్ట నా భుజం ఎత్తుంది. మేం కూర్చున్న గంటకు ఫర్హానా మేడం స్కూటీ మీద వచ్చింది. నవనీత ఫోను చేసిందట. నేను ఆమె ముఖం చూడలేక, ఇందులో బైనరీ చేయడం కుదరదా మేడం అని అడిగాను.

"వరుసల లేనిదాంట్ల కుదరదమ్మా" అంది మేడం, చున్నీ నడుముకు బిగించుకుంటూ. "ఒక్కోటి చూసుడే. జరగండి."

అప్పుడు బయటపడింది ఇంకో సంగతి. మెమోలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అన్వేషణా నిపుణురాలికి ఇంగ్లీషు రాదు. పక్షోత్సవం పదిహేను రోజుల్లో ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక నేను చేయగలిగింది కనకయ్య చేసేదే. పదో తరగతి మెమో కాగితం దళసరిగా, కింద ఒక మూల ముద్ర వేలికి తగిలేలా ఉంటుంది. కళ్లు పక్కన పెట్టి, బొటనవేలితో ఆ ముద్రను తడుముతూ ఒక్కోటి లాగి ఇచ్చాను. వాళ్లిద్దరూ పేర్లు చదివారు. రంగును బట్టి, తాడును బట్టి ఫైళ్లు గుర్తుపట్టే రోజుల్లో ఈ కాలేజీలో ఒక్క కాగితం కూడా పోలేదని, ఆ గుట్ట ముందు కూర్చున్నప్పుడు గుర్తుకొచ్చింది.

మంగళవారం సాయంత్రానికి మూడు వందల పైచిలుకు అయ్యాయి. బుధవారం కొట్టు తెరవకముందే పోయి కూర్చున్నాం. మధ్యాహ్నం మూడు దాటాక నేనిచ్చిన ఒక కాగితం మీద నవనీత చెయ్యి ఆగింది. పైకి చదవలేదు. చున్నీ కొంగుతో దుమ్ము తుడిచి, ఒళ్లో పెట్టుకొని, ఇంకో కాగితం కోసం నావైపు చెయ్యి చాపింది.

"నీది దొరికిందా?" అన్నాను.

"దొరికింది."

"మరి లే బిడ్డా. బస్సుకు టికెట్ చేసుకోవద్దా?"

"ఇవి గూడ ఎవలియో కదా పెద్దమ్మా" అంది. "ఇయ్యి."

చీకటి పడకముందే గుట్ట అయిపోయింది. ఎనిమిది వందల డెబ్బై మెమోలు తేలాయి. కనకయ్య వాటిని ఒక పాత చీరె గుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం నవనీత ఫోను చేసింది. మెమోకు ఎండు మిరపకాయల వాసన వస్తుందేమిటని అక్కడి ఆఫీసరు అడిగాడట, అయినా టిక్కు పెట్టాడట.

నా చేతికి సోమవారం మెమో అందింది. ఇది పదో తరగతిది కాదు, ఆఫీసుది. అందులో ఇలా ఉంది: 'సంస్థ బైనరీ సెర్చ్ విధానమును అధికారికముగా స్వీకరించియుండగా, తాము ఆమోదింపబడని లీనియర్ సెర్చ్‌ను సంస్థ వెలుపల, పనివేళలయందు నిర్వహించి, సంస్థ సగటు అన్వేషణా కాలమును నలభై సెకన్ల నుండి రెండు దినములకు పెంచినారు. ఇందులకు సంజాయిషీ యివ్వవలెను.' అది అబద్ధం కాదు. గోడ మీది చార్టులో గీత ఒక్కసారిగా పైకి లేచి, కాగితం చాలక గోడ సున్నం మీదికి పోయింది.

ఒకసారి తొలగించినవంటూ మెమోల మూటను కూడా రికార్డు రూములోకి రానివ్వలేదు. ఫర్హానా మేడం దాన్ని తన ల్యాబులో, పాడైన కీబోర్డులు ఉంచే బీరువాలో పెట్టుకుంది.

సంజాయిషీ నేనే రాశాను, ఎవరి సాయం లేకుండా. మూడు రోజులు పట్టింది. 'అయ్యా, వెతికింది నిజమే. ఒక్కొక్కటి చూసింది నిజమే. కానీ మెమోలో నేరం తప్పుగా పడింది. నన్ను నమ్మి ఇచ్చిన కాగితాలను అక్కర్లేదని సంచిలో కుట్టింది నేను. ఎవరూ నన్ను కొట్టి చేయించలేదు. నాకు సంతోషమై చేశాను. కావున వెతికినందుకు ఇచ్చిన మెమో వాపసు తీసుకొని, తీసేసినందుకు వేరే మెమో ఇప్పించగలరు. దానికి ఏ శిక్ష వేసినా పడతాను.' కింద సంతకం పెట్టాను.

ప్రిన్సిపాల్ సారు రెండుసార్లు చదివారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు. విఠలయ్య సారును పిలిచి, దీన్ని ఏ ఫైల్లో పెట్టాలని అడిగారు. నా మీద ఇంతవరకు ఫైలు లేదని, కొత్తది తెరవాలని ఆయన చెప్పారు. తెరిస్తే ఎన్ని అవుతాయని సారు అడిగారు.

"ముప్పై మూడు సార్."

"ముప్పై మూడైతే ప్రశ్నలు?"

విఠలయ్య సారు వేళ్ల మీద సగాలు లెక్కపెట్టారు. "ఆరు అయితయ్ సార్. ఒక్కటి ఎక్కువైనా ఐదుల తెగది."

సారు నా సంజాయిషీని నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చారు. "ఓదెమ్మా, విషయం ముగిసింది. ఇది నీ దగ్గరే ఉంచుకో" అన్నారు.

కాగితం పట్టుకొని రికార్డు రూముకు వచ్చాను. ఎనిమిది బీరువాల్లో ఏడు ఖాళీ. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అంత గదిలో నా తప్పుకు చోటు లేదన్నారు.